స్వామి నిలబడని కిటికీ

మా ఇంటికి బిగించిన కిటికీల్లో ఉక్కు లేదు. ఉందని చెప్పారు, ఉన్న ముక్కను కోసి చూపించారు, చేతికిచ్చి బరువు చూడమన్నారు, చివరికి లేనివి తెచ్చి బిగించి పోయారు. జరిగిన అన్యాయం ఇంతే. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. తగ్గేలా లేదు, అందుకని ఉన్న కోపంతోనే రాస్తున్నాను.

వెనకటి రోజుల్లో కిటికీ కొనడమనేది లేదు, చేయించుకోవడమే. వడ్రంగి వచ్చి మన వాకిట్లోనే కూర్చుని, మన కళ్ళ ముందే టేకు చెక్కను చిత్రిక పట్టి, ఊచలు దూర్చి, రెక్కలు బిగించి, మనం ఇచ్చిన చాయ్ తాగి పోయేవాడు. కిటికీ లోపల ఏముందో అని ఎవరూ తల బద్దలు కొట్టుకోలేదు. ఎందుకంటే దానికి లోపల అనేదే లేదు, పైన ఏ చెక్కో లోపలా అదే చెక్క. ఇప్పటి కిటికీకి పైన ఒకటి, లోపల ఒకటి. (మనుషులూ అంతే అని ఇక్కడ రాయబోయాను గాని, పక్కనే కూర్చున్న మా ఆవిడ "మల్ల మొదలువెట్టిన్రు" అనడంతో ఆపాను.)

మాది అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందు. పాత అపార్ట్‌మెంట్, పై అంతస్తు. మా టేకు కిటికీలు మాతోపాటే ముసలివయ్యాయి. చట్రాలకు చెదలు పట్టి, ఒక వానాకాలం రెక్క తీయబోతే మడతబందుతో సహా చేతికొచ్చింది. మార్చక తప్పదన్నది నేనే. ఏవి పెట్టాలన్నది మాత్రం మా బిల్డింగు సెక్రటరీ చెప్పారు. ఆయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, మర్యాదస్తుడే గాని, లిఫ్టు చెడిపోయినా నీళ్ళ ట్యాంకు కారినా సరే ఎలివేషన్ గురించి, అంటే బిల్డింగు బయటికి కనిపించే అందం గురించి, మాట్లాడతారు. అందుకని మేమంతా ఆయన్ను ఎలివేషన్ గారు అంటాం, వెనకాల. సందు వైపు కిటికీలన్నీ తెల్లగా ఒక్కలాగే ఉండాలని ఆయన హుకుం. మరి ఊచలు వద్దా అని అడిగితే, "ఊచలేంటండీ, జైల్లా ఉంటుంది, ఎలివేషన్ పోతుంది" అన్నారు. అలా మా ఇంటికి ఊచలు పోయాయి, తెల్ల ప్లాస్టిక్ చట్రాలు రావలసి వచ్చింది. యూపీవీసీ అంటారు వాటిని. చట్రం లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలులో ఉక్కు పట్టీ దూరిస్తేగాని దానికి నడుము నిలవదు. నాలుగు మూలలూ వేడి చేసి అతికించేస్తారు గనుక, ఒకసారి అతికాక లోపల ఏముందో అమ్మినవాడికీ ఆ పైవాడికీ తప్ప తెలియదు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, నేర్చుకున్నాను గనుక. నేను బడికి పోయింది తక్కువ. మిగతా చదువంతా కొట్లో పొట్లాలు కట్టే కాగితాల మీద, ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల్లో, ఈ మధ్య ఫోన్‌లో వచ్చే వీడియోల్లో చదువుకున్నదే. కిటికీలు కొనాలనుకున్న నాటి నుంచి కిటికీల వీడియోలు తప్ప ఇంకేమీ చూడలేదు. మా ఆవిడ సీరియల్ చూస్తుంటే మధ్యలో నా ఫోన్‌లోంచి రబ్బరు పట్టీల గురించి ఎవరో ఉపన్యాసం ఇస్తుండేవాడు. ఇంత సిద్ధపడి, ఒకనాడు పొద్దున్నే పంజాగుట్టలో ఒక షోరూముకు పోయాను. చల్లటి గది, అద్దాల బల్ల, అడగకుండానే కాఫీ. అక్కడి కుర్రాడు ప్రతి మాటకూ ముందొక సారూ వెనకొక సారూ తగిలించేవాడు, అందుకని అతణ్ణి సార్‌సార్ అనే గుర్తుపెట్టుకున్నాను.

నేను మాత్రం కాఫీకి లొంగే మనిషిని కాను. జేబులోంచి కాగితం ముక్క తీసి, కిటికీ రెక్కకూ చట్రానికీ మధ్య పెట్టి మూసి లాగాను. చిరిగిందే గాని రాలేదు. అంటే రబ్బరు బిగువుగా ఉందన్నమాట. తర్వాత అగరుబత్తి వెలిగించి మూసిన రెక్క అంచుల వెంబడి నెమ్మదిగా తిప్పాను. పొగ వంకరపోతే సందు ఉన్నట్టు, నిటారుగా లేస్తే లేనట్టు. అంత శ్రద్ధగా తిప్పుతుంటే వెనక ఏదో అలికిడైంది. చూస్తే సార్‌సార్ చేతులు జోడించి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు, అతని వెనక షోరూములో ఊడ్చే అమ్మ కూడా. "పూజ చేసి కొంటారా సార్, మంచి అలవాటు సార్" అన్నాడు. ఇది పూజ కాదు నాయనా పరీక్ష అని చెప్పాను. సరే సార్ అన్నాడు గాని అగరుబత్తి ఆరేదాకా చేతులు దించలేదు. తర్వాత తనే ఒక కోసిన ముక్క తెచ్చి, లోపల తళతళలాడుతున్న ఉక్కు పట్టీ చూపించి, దాని మీద ఒక అయస్కాంతం పెట్టాడు. ప్లాస్టిక్ మీది నుంచే టప్పున అంటుకుంది. "చూసిన్రా సార్, తుఫానొచ్చినా కదలదు సార్. మీరు ఇంజనీరా సార్?" అన్నాడు. కాదనడానికి నేను కొంచెం ఆలస్యం చేశాననే అనుకుంటాను.

కిటికీలు వచ్చాయి, బిగించారు. బిగిస్తున్నంతసేపూ పక్కనే నిలబడి కాగితం పరీక్ష, పొగ పరీక్ష, చెంబుతో నీళ్ళు కొట్టే పరీక్ష, అన్నీ చేశాను. అన్నిటిలోనూ నెగ్గాయి. ఎలివేషన్ గారు కిందికి పోయి సందులో నిలబడి తలెత్తి చూసి, భేషుగ్గా ఉందండీ అన్నారు. ఆ భేషు ఎండాకాలపు మొదటి గాలివాన దాకా నిలిచింది.

ఆ సాయంత్రం గాలి మొదలవగానే మా హాలు కిటికీ రెక్క లోపలికి ఉబ్బింది, మళ్ళీ బయటికి పోయింది, మళ్ళీ ఉబ్బింది. నిద్రపోతున్న లావుపాటి మనిషి పొట్టలాగా ఊపిరి తీస్తోంది. అంత పెద్ద అద్దం, రెక్క జరిగే కింది గాడిలోంచి ఒక మూల లేచి మళ్ళీ పడుతోంది. నేను పోయి రెండు అరచేతులూ ఆనించి నిలబడ్డాను. మా ఆవిడ వచ్చి, కొంగు దోపుకుని నా పక్కన తానూ చేతులు ఆనించింది. ఇంట్లోకి వస్తున్న దొంగను ఆపినట్టు ఇద్దరం కిటికీని ఆపుతున్నాం. అప్పుడు అద్దంలోంచి కిందికి చూశాను. సరిగ్గా మా కిటికీ కింద టిఫిన్ బండి ఉంది. దానికి కట్టిన పట్టా కింద వానకు తలదాచుకుంటూ కోచింగ్ పిల్లలు ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. ఊచలు లేవు. రెక్క ఊడితే పోయేది వాళ్ళ మీదికే. ఇంతకు ముందు మోసపోతే నా డబ్బు పోయింది అనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం అలా అనుకోలేకపోయాను.

వాన తగ్గగానే అయస్కాంతం కోసం ఇల్లంతా వెతికాను. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక అయస్కాంతం మా ఆవిడ తిరుపతి నుంచి తెచ్చుకున్న వెంకటేశ్వర స్వామి బొమ్మ. మట్టితో చేసి రంగు వేసిన బరువైన బొమ్మ, వెనక రూపాయి బిళ్ళంత నల్లటి అయస్కాంతం. ఫ్రిజ్ మీద ఎన్నడూ కదలకుండా ఉండే స్వామి. తీసుకెళ్ళి కిటికీ చట్రం మీద ఆనించాను. జారాడు. కింద చెయ్యి పెట్టుకున్నాను గనుక దక్కాడు. రెక్క మీద పెట్టాను, జారాడు. పడకగది కిటికీ, వంటింటి కిటికీ, ఎక్కడ పెట్టినా స్వామి నా చేతిలోకే వచ్చాడు. లోపల ఉక్కు లేదు. ఏ కిటికీలోనూ లేదు.

"ఫ్రిజ్‌కు మంచిగ నిలబడ్డ దేవుణ్ణి గట్ల గోడలెంబడి తిప్పుతరా ఎవరన్న?" అంది మా ఆవిడ. నేను ఉక్కు సంగతి చెప్పాను. ఆమెకు అర్థమైంది (నేను చెప్పిన వాటిలో ఆమెకు అర్థం కానిది ఇంతవరకూ లేదు, ఒప్పుకోనివే ఉన్నాయి). అర్థం కానిది మిగతా బిల్డింగుకు. పక్క ఫ్లాటు ఆవిడ తలుపు తెరిచి ఉండగా నేను స్వామిని చట్రాలకు ఆనించడం, ఆయన జారడం చూసింది. మర్నాటికల్లా ఫలానా వారింట్లో స్వామి నిలబడటం లేదని లిఫ్టులో చెప్పుకున్నారు. ఒకరు శాంతి చేయించమన్నారు. ఒకరు ఆ కిటికీ ఏ మూలకు ఉందని దిక్కులు లెక్కవేశారు. ఇంకొకరు, ఇంట్లో పెద్దాయనకు ఈ మధ్య కోపం ఎక్కువైంది కదా, అందుకే స్వామి ఉండటం లేదేమో అన్నారట. ఉక్కు, ఉక్కు అని నేను మెట్ల మీద నిలబడి చెప్పాను. ఎవరూ కాదనలేదు, అందరూ జాలిగా చూశారు. ఎలివేషన్ గారింటికి పోయి, మీ కిటికీలూ అదే కొట్టువి కదా, ఒక్కసారి ఆనించి చూద్దాం అంటే, ఆయన తలుపుకు అడ్డంగా నిలబడి, "మా ఇంట్లో ఆ పరీక్ష వద్దండీ. బయట నుంచి బాగానే కనిపిస్తున్నాయిగా" అన్నారు. ఆ మనిషి భయం స్వామి పడతాడని కాదు, తెలిసిపోతుందని.

అయస్కాంతంతో నాకు ఇది మొదటి గొడవ కాదు. మీసాలు కూడా సరిగా రాని వయసులో నేను మొదట కొలువు చేసింది ఇదే అమీర్‌పేటలో ఒక ఇనుప సామాన్ల కొట్లో. తలుపు బందులు, గడియలు, మేకులు అమ్మేవాళ్ళం. యజమానిని అందరూ సేఠ్ అనేవారు, నేనూ అంతే. ఆ కొట్లో ఒక మూల గుర్రపునాడా ఆకారంలో పెద్ద అయస్కాంతం ఉండేది, కింద పడ్డ మేకులు ఏరడానికి. దానితో నేను లోకాన్ని పరీక్షించడం మొదలుపెట్టాను. చెమ్చా, తాళంచెవి, సేఠ్ గారి గొడుగు, ఏది దొరికితే అది. ఇత్తడికి అంటుకోదని అప్పుడే కనిపెట్టి, లోకంలో మొదట కనిపెట్టింది నేనే అనుకున్నాను.

ఒకనాడు ఎర్రమంజిల్ క్వార్టర్స్ నుంచి ఒక పెద్ద ఆఫీసరు ఇత్తడి బందుల కోసం వచ్చాడు. సేఠ్ మెత్తటి గుడ్డతో తుడిచి, పసుపుపచ్చగా మెరిసే బందులు ముందు పెట్టి, అసలైన ఇత్తడి అని ఒట్టు వేస్తున్నాడు. దానికి రుజువు చూపించి సేఠ్‌ను సంతోషపెడదామని నేను పరుగున పోయి అయస్కాంతం తెచ్చి, చూడండి సార్, అంటుకోదు, అంటూ ఆనించాను. అంటుకుంది. లోపల ఇనుము, పైన ఇత్తడి పూత. బందు అయస్కాంతానికి వేలాడుతూ ఆఫీసరు ముక్కు ముందు ఊగుతోంది, ఊడదీద్దామని నేను గుంజుతున్నాను, రావడం లేదు. ఆఫీసరు గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. (అది సేఠ్ గొడుగు. ఆ సంగతి తర్వాత తెలిసింది.) సేఠ్ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "బేటా, తెలివి లేనోనికి కొలువిచ్చిన అనుకున్న. ఉన్నోనికి ఇచ్చిన. గదే తప్పయింది" అన్నాడు. ఆ తర్వాత చాన్నాళ్ళు నన్ను వెనక గదిలో మేకులు ఏరడానికే ఉంచాడు. అప్పట్లో అయస్కాంతం అంటుకుంటే మోసం, ఇప్పుడు అంటుకోకపోతే మోసం. మారింది అంతే. చెప్పినవాణ్ణి వెనక గదిలోకి పంపడం మాత్రం మారలేదు.

స్వామిని సంచిలో పెట్టుకుని మళ్ళీ పంజాగుట్ట పోయాను. సార్‌సార్ ముందు, అతను నాకు చూపించిన అదే ముక్క మీద స్వామిని ఆనించాను. నిలబడ్డాడు. మా ఇంట్లో నిలబడటం లేదు, ఏమంటావు అన్నాను. అతను ముక్కనూ స్వామినీ నన్నూ చూసి, "సార్, ఇది చూపెట్టేది సార్. మీవి వాడుకునేవి సార్" అన్నాడు. ఇంత పచ్చిగా, ఇంత వినయంగా మోసాన్ని ఒప్పుకున్న మనిషిని నేను నా జీవితంలో చూడలేదు. గొంతు పెంచాను. కాఫీ తెచ్చారు. ఇంకా పెంచాను. మా చేతుల్లో లేదని, ఫిర్యాదుల నంబరు ఇచ్చి పంపారు.

ఆ నంబరుకు ఫోన్ చేయడం ఒక ఉద్యోగమైంది నాకు. ప్రతిసారీ కొత్త గొంతు, పాత ప్రశ్న. మొదట ఉక్కు లేదన్నాను. ఉక్కు అనే ఫిర్యాదు వాళ్ళ కంప్యూటర్‌లో లేదట. గీతలు పడుట, నీరు కారుట, పడిపోవుట, ఇవే ఉన్నాయట. రెక్క పడిపోతుందని చెప్పాను. పడిందా అని అడిగారు. పడితే ఫోన్ చేసేది నేను కాదు తల్లీ, పోలీసులు అన్నాను. పడకపోతే రాయడం కుదరదన్నారు. మరి ఉక్కు లేదని మీకెలా తెలిసిందని ఒక అమ్మాయి ఓపిగ్గా అడిగితే, స్వామి సంగతంతా మొదటి నుంచీ చెప్పాను. అంతా విని, "అయితే సార్, పడుతున్నది దేవుడా సార్?" అంది. అప్పటికి నా గొంతు ఎండిపోయింది. అవునమ్మా, పడుతున్నాడు, అన్నాను. టకటకా కొట్టుకున్న చప్పుడు వినిపించింది. మనిషిని పంపిస్తామంది. మొదటిసారి నా మాట ఎక్కడో ఎక్కిందని ఎంత తృప్తిపడ్డానో.

మనిషి రావడానికి మాత్రం రోజులు పట్టాయి, వానాకాలం ముందుకొచ్చేస్తోంది. నైలాన్ తాడు తెచ్చి రెక్క గొళ్ళేనికి కట్టి, రెండో కొసను లోపల సోఫా కాలికి బిగించాను. (మబ్బు పట్టినప్పుడల్లా మా ఆవిడ వచ్చి ఆ సోఫాలో బరువుగా కూర్చునేది, అడగకుండానే.) అయినా నమ్మకం లేక కిందికి పోయి టిఫిన్ బండాయనను బండి పక్కకు జరపమని అడిగాను. "పెద్దాయనా, మీ కిటికీ ఊడుతదని నా బండి జరపాల్నా? మీ కిటికీనే జర అవతలికి జరుపుకోరాదుండ్రి" అన్నాడు. పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. నా మొహం చూసి అతనూ నవ్వు ఆపి, ఒకసారి పైకి చూసి, చక్రాల కింద రాళ్ళు తీసి బండిని ట్రాన్స్‌ఫార్మర్ పక్కకు నెట్టుకుపోయాడు. అక్కడ నీడ లేదు, గిరాకీ సగమైంది. రోజూ నేను కిందికి దిగినప్పుడల్లా, "ఎప్పుడొస్తరట మీ కిటికీలోళ్ళు?" అని అడిగేవాడు. వస్తారు, వస్తారు అనేవాణ్ణి.

ఒకనాడు పొద్దున ఎర్రగడ్డ రైతుబజారుకు పోయి కూరగాయలతో తిరిగొచ్చేసరికి మా ఆవిడ తలుపు దగ్గరే నవ్వుతూ ఎదురైంది. "అచ్చిన్రు, చేసి పోయిన్రు" అంది. ఇద్దరు వచ్చారట, స్వామిని అడిగి తీసుకున్నారట, కిటికీ దగ్గర ఏదో చేశారట, ఆమె వాళ్ళ కోసం చాయ్ పెట్టి తెచ్చేలోపే అయిపోయిందట. నేను ఇంట్లో మరిచిపోయిన ఫోన్‌కు వచ్చిన ఓటీపీ నంబరు వాళ్ళు అడిగితే చెప్పిందట. ఇక స్వామి పడడని చెప్పి మరీ పోయారట. సంచి అక్కడే వదిలేసి హాల్లోకి పరుగెత్తాను. కిటికీ చట్రం మీద వెంకటేశ్వర స్వామి నిలబడి ఉన్నాడు. వేలితో కదిపాను, కదల్లేదు. పట్టుకుని లాగాను, రాలేదు. ఎంత ఉక్కు దూర్చారో అనుకున్నాను. అంత చట్రాన్ని ఎప్పుడు విప్పారు, ఎప్పుడు మళ్ళీ అతికించారు అన్న ప్రశ్న, పొగతోనూ కాగితంతోనూ లోకాన్ని పరీక్షించే ఈ మనిషికి ఆ క్షణాన తట్టనే లేదు. తాడు విప్పేశాను. కిటికీ తెరిచి, సందంతా వినేలా, అయిపోయింది, ఫికర్ లేదు, బండి మళ్ళీ తెచ్చుకో అని కేకేశాను. అతను చెయ్యెత్తి ఊపి, చక్రాల కింద రాళ్ళు తీయడం మొదలుపెట్టాడు. అతని కంటే ముందే పిల్లలు ప్లేట్లతో వచ్చి పాత చోట నిలబడ్డారు.

అప్పుడు వచ్చింది ఫోన్‌కు సందేశం. అది చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివి, కిటికీలోంచి సగం బయటికి వంగి, వద్దు, వద్దు, అక్కడే ఉండు, పిల్లల్ని జరుపు అని అరిచిన ముసలాయనను తలచుకుంటే, అదే చేతులతో ఒకప్పుడు ఆఫీసరు ముక్కు ముందు బందును గుంజిన కుర్రాడే గుర్తొస్తాడు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే నాకు నవ్వాగదు. ఇన్నేళ్ళు గడిచినా ఆ కుర్రాడికి ఒక్క తెలివీ కొత్తగా రాలేదు. బండి ఇప్పటికీ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉంది, మా సోఫాకు తాడు ఉంది, స్వామిని మాత్రం ఫ్రిజ్ మీదికి మళ్ళీ తేలేకపోయాం. ఆ జవాబును ఫోన్‌లోంచి తీసేయలేదు. కోపం తగ్గుతోందనిపించినప్పుడల్లా తీసి చదువుకుంటాను.

"గౌరవనీయ వినియోగదారునికి నమస్కారం. కిటికీపై దేవుడు నిలబడటం లేదన్న మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. మా సిబ్బంది దేవుని బొమ్మ వెనుక రెండు వైపులా అంటుకునే టేపు వేసి గట్టిగా అతికించారు. మీ ఇంట్లో ఇంకా ఏ దేవుడైనా పడిపోతున్నచో తెలియజేయగలరు."